సోల్ విరిగిపోతోంది, పొర పగులుతోంది

ప్రశ్న: బేరియం టైటనేట్ (ఒక సిరామిక్) పొర కోసం సోల్, అంటే పూత వేసే ద్రావణం, కలుపుతుంటే తెల్లగా విరిగిపోతోంది. ఎలాగోలా పూత వేసినా కాల్చాక పగుళ్లు. పొరపాటు ఎక్కడ?

జవాబు: విరగడానికి కారణం తేమ. నీరు తగిలితే చాలు, సోల్‌కు టైటానియం అందించే టైటానియం ఐసోప్రొపాక్సైడ్ తెల్లటి అవక్షేపమైపోతుంది. అందుకే 2.84 గ్రాముల ఐసోప్రొపాక్సైడ్‌లో ముందుగానే టైటానియాన్ని పట్టుకుని నీటితో చర్యను నెమ్మదింపజేసే అసిటైల్‌అసిటోన్ 2 మిల్లీలీటర్లు చుక్కచుక్కగా కలపండి. రంగు పసుపుకు తిరగాలి. 2.55 గ్రాముల బేరియం అసిటేట్‌ను వేడి గ్లేసియల్ (దాదాపు నీరు లేని) ఎసిటిక్ ఆమ్లంలో విడిగా కరిగించి, చల్లారాకే ఆ పసుపు ద్రావణంలో పోయండి. ఈ వరుస మాత్రం తప్పొద్దు.

పగుళ్లకు మూలం మందం. సేంద్రియ పదార్థాలు కాలిపోతుంటే పొర కుంచించుకుపోతుంది, కింది పలక దాన్ని కదలనివ్వదు. ఒక్కో పూత 100 నానోమీటర్లలోపే ఉంచి, 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆరబెట్టి, 350–400 దగ్గర కాల్చాకే మరోటి వేయండి. చివరి కాల్పు 700–750. రాగి టార్గెట్ ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలతో స్ఫటికాలను గుర్తించే పరీక్ష)లో 24 డిగ్రీల దగ్గర శిఖరం కనిపిస్తే బేరియం కార్బొనేట్ ఇంకా మిగిలే ఉంది.