వేసిన డబ్బు ఎక్కడ ఆగింది?
పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: రెండో శనివారం పొద్దున 11.10కి ఫోన్‌లోనే మేత డీలరుకు రూ.1,80,000 నెఫ్ట్ చేశాను. మధ్యాహ్నమైనా పడలా అంటున్నాడు. లోడు పంపడం లేదు. బ్యాంకు సెలవు కాబట్టి సోమవారం దాకా ఆగాల్సిందేనా?
- రొయ్యల రైతు, ఇందుకూరుపేట

జవాబు: అక్కర్లేదు. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్‌కు సెలవుల్లేవు. ఆదివారమైనా, పండగైనా, అర్ధరాత్రయినా నడుస్తుంది. కాకపోతే అది ఆటో లాంటిది కాదు, బస్సు లాంటిది. అరగంటకొకటి చొప్పున రోజుకు 48 విడతలు బయల్దేరతాయి. మీరు 11.10కి పంపింది 11.30 విడతలో వెళ్తుంది. విడత పరిష్కారమైన రెండు గంటల్లోగా అవతలి బ్యాంకు ఖాతాలో జమ చేయాలి, లేదా వెనక్కి పంపాలి. అంటే మీ గడువు మధ్యాహ్నం 1.30. అప్పటిదాకా ఆలస్యమన్న మాటే లేదు.

1.30 దాటితే మొదట యూటీఆర్ నంబరు (ఈ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు) వచ్చిందో లేదో చూడండి. నెఫ్ట్‌కు అది 16 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటుంది. అది లేకపోతే డబ్బు మీ బ్యాంకు గడప దాటనట్టే. డబ్బు అందుకునేవారి పేరు, ఖాతా కొత్తగా చేర్చిన రోజున పెద్ద మొత్తం వదలకుండా చాలా బ్యాంకులు కొన్ని గంటలు ఆపుతాయి. రోజువారీ పరిమితి దాటినా అంతే. యూటీఆర్ ఉంటే మాత్రం అడగాల్సింది అవతలి బ్యాంకును. ఆ నంబరు డీలరుకు పంపి, తన బ్రాంచిలో వెతికించమనండి. స్క్రీన్‌షాట్ పంపితే ఏమీ తేలదు, నంబరు కావాలి.

జమ అయ్యాక అవతలి బ్యాంకు నుంచి మీ బ్యాంకుకు నిర్ధారణ వస్తుంది, దాన్ని మీకు ఎస్సెమ్మెస్ చేస్తారు. ఆ ఎస్సెమ్మెస్ వచ్చి కూడా డీలరు పడలేదంటే, ఆయన వేరే ఖాతా చూస్తున్నారేమో అడగండి. కరెంట్ ఖాతా, సీసీ (వ్యాపార అప్పు) ఖాతా రెండూ ఉన్న దుకాణాల్లో ఇది తరచూ జరుగుతుంది. గడువు దాటి జమ చేస్తే రెపో రేటుకు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు) 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. మీ మొత్తానికి రోజుకు నలభై రూపాయల చుట్టూ తేలుతుంది. దాంతో ఒరిగేదేమీ లేదు గానీ, ఫిర్యాదు కాగితంలో ఆ నిబంధన రాస్తే కదలిక వస్తుంది.

ప్రశ్న: స్థలం రిజిస్ట్రేషన్ రోజు పదిన్నరకే బ్రాంచిలో ఆర్టీజీఎస్ ఫారం, చెక్కు ఇచ్చాం. మూడైనా అమ్మినాయనకు డబ్బు పడలేదు. ఆర్టీజీఎస్ అంటే వెంటనే పడేది కదా?
- పాఠకురాలు, ఒంగోలు

జవాబు: వ్యవస్థ వెంటనే పంపేదే. 2020 డిసెంబరు 14 నుంచి రాత్రింబవళ్లూ నడుస్తోంది. రూ.2 లక్షలు, ఆపైన మొత్తాలకు మాత్రమే. సందేశం అందిన అరగంటలో అవతలి బ్యాంకు జమ చేయాలి. మీ డబ్బు ఆగింది ఆ దారిలో కాకపోవచ్చు, కౌంటర్ దగ్గరే కావచ్చు. ఫారం ఇవ్వగానే పని అయిపోదు. ఒకరు కంప్యూటర్లో ఎక్కించాలి, అధికారి ఆమోదించాలి. సంతకం కాస్త తేడా ఉన్నా, ఖాతా నంబరులో అంకె అర్థం కాకపోయినా, ఆ అధికారి భోజనానికి వెళ్లినా కాగితం ట్రేలోనే ఉంటుంది. ఫారం ఇచ్చిన చోటు నుంచి 22 అక్షరాల యూటీఆర్ రాయించుకోకుండా కదలకండి. రిజిస్ట్రేషన్లకు మాత్రం మా సలహా ముందురోజే డీడీ తీసుకోవడం. ఆఫీసులో అందరూ కూర్చుని ఫోన్ల వంక చూసే అవస్థ తప్పుతుంది.

ప్రశ్న: మా వాడికి ఫీజు కోసం యూపీఐలో రూ.20,000 వేస్తే నా ఖాతాలో కట్ అయింది. వాడికి పడలా. 'పెండింగ్' అని చూపిస్తోంది. మళ్లీ వేసేదా?
- కనిగిరి నుంచి ఒక తండ్రి

జవాబు: వేయొద్దు. మీ బ్యాంకు డబ్బు తీసింది. అవతలి బ్యాంకు సర్వరు 'జమ చేశాను' అనో 'కాలేదు' అనో సమాధానం చెప్పలేదు. ఈ స్థితిలో మళ్లీ వేస్తే చాలాసార్లు రెండూ పడతాయి. కొడుకు దగ్గర సరే, బయటివాళ్ల దగ్గర రాబట్టడం కష్టం.

మనిషికి మనిషి పంపిన యూపీఐ, ఐఎంపీఎస్ రెండింటికీ ఒకటే నియమం. జమ కాకపోతే మర్నాటిలోగా మీ ఖాతాకు తిరిగి రావాలి. ఇక్కడ రోజంటే క్యాలెండర్ రోజు, ఆదివారం కూడా లెక్కే. ఆపైన ఆలస్యానికి రోజుకు రూ.100 చొప్పున, మీరు అడగకుండానే ఇవ్వాలి. దుకాణానికి కట్టింది అయితే గడువు ఐదు రోజులు. మీ విషయంలో రెండ్రోజులు దాటితే యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి అక్కడే ఫిర్యాదు పెట్టి, 12 అంకెల రిఫరెన్స్ నంబరుతో బ్యాంకుకూ రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, సమాచారానికి ఫోన్ 14448.

ప్రశ్న: నిమ్మకాయల తాలూకు డబ్బు రైతుకు వేస్తే రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఖాతా నంబరు సరిగ్గానే ఉంది.
- కమీషన్ వ్యాపారి, పొదలకూరు

జవాబు: ఆయనది గ్రామీణ బ్యాంకు ఖాతా అయితే ముందు ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు బ్రాంచిని గుర్తించే కోడ్) చూడండి. ఆంధ్రప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. అంతకుముందు 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ, సిండికేట్ బ్యాంకు కెనరాలోనూ కలిశాయి. పాత పాస్‌బుక్ జిరాక్సుల్లో ఇప్పటికీ పాత కోడ్‌లే తిరుగుతున్నాయి. పాస్‌బుక్ కొత్తగా ప్రింట్ చేయించి 11 అక్షరాల కోడ్, ఖాతా నంబరు రెండూ మళ్లీ తీసుకోండి. కోడ్‌లో అయిదోది సున్నా, ఇంగ్లిషు 'ఓ' కాదు.

కోడ్ సరైనదే అయితే వాపసు కారణం మీ స్టేట్‌మెంట్‌లోనే ఉంటుంది. రెండేళ్లు లావాదేవీలు లేక ఖాతా నిద్రావస్థలోకి పోవడం, కేవైసీ ఇవ్వక ఆపేయడం మామూలు కారణాలు. పూర్తి పత్రాలు లేకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే ఏడాదికి రూ.లక్షకు మించి జమ కాదు, ఒక్క నిమ్మ కాపుకే ఆ హద్దు దాటవచ్చు. ఇవన్నీ రైతు తన బ్రాంచికి పోయి సరిచేసుకోవాల్సినవే. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు ముందే అవతలి ఖాతాదారు పేరు చూపించే వసతి వచ్చింది. వెనక్కి రావడం కంటే వేరొకరికి పడటం పెద్ద చిక్కు, అందుకే అది చూసి నొక్కండి. జమ ఖాతా నంబరును బట్టే జరుగుతుంది, మీరు రాసిన పేరును బట్టి కాదు.

ప్రశ్న: ఊళ్లో అందరికీ పీఎం కిసాన్ రూ.2,000 పడ్డాయి. నాకు మాత్రం నేను ఇచ్చిన ఖాతాలో పడలా.
- రైతు, మర్రిపాడు

జవాబు: బహుశా మీ ఇంకో ఖాతాలో పడి ఉంటాయి. ఆధార్ ఆధారంగా వచ్చే డబ్బు, మీరు చివరగా ఏ బ్యాంకులో ఆధార్ సీడింగ్ (ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాకే వచ్చేలా ఆధార్‌ను జతచేయడం) చేయించారో అక్కడికే పోతుంది. కేవైసీ కోసం ఆధార్ జిరాక్సు ఇవ్వడం వేరు, సీడింగ్ వేరు. ఆధార్ వెబ్‌సైటులో ఓటీపీతో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' తెరిస్తే బ్యాంకు పేరు కనపడుతుంది. మార్చాలంటే కావాల్సిన బ్రాంచిలో సమ్మతి పత్రం ఇస్తే చాలు, పాత బ్యాంకుకు వెళ్లక్కర్లేదు.