రియో వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

నీ పేపర్‌ని ఐసీఎస్‌ఈ డాక్టోరల్ సింపోజియంకి తీసుకున్నారని, ఏప్రిల్‌లో రియో డి జనీరో వెళ్తున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. "ఏదో సాఫ్ట్‌వేర్ మీటింగట" అంది. అదేం మీటింగో నాకు తెలుసు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పరిశోధకులు కలిసే అంతర్జాతీయ సభ అది, 1975 నుంచి జరుగుతోంది. అందులో పీహెచ్‌డీ చేసే పిల్లలు తమ పనిని పెద్దవాళ్ళ ముందు పెట్టే చోటే ఈ డాక్టోరల్ సింపోజియం. సంతోషంతో కాసేపు, భయంతో కాసేపు, మొత్తానికి రాత్రంతా నిద్ర పట్టలేదు.

ముందు ఎల్లో ఫీవర్ టీకా సంగతి. బ్రెజిల్ నుంచి తిరిగొచ్చేవాళ్ళని మన ఎయిర్‌పోర్టులో ఆ సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ (ఐపీఎం)లో వేస్తారు. "చూద్దాంలే పిన్నీ" అనకు. నువ్వు హాల్ టికెట్ కూడా పరీక్ష ముందు రోజు ప్రింట్ తీయించుకున్న పిల్లవి.

మిగతావి నీకు తెలిసినవే. స్లైడ్‌లో అక్షరాలు పెద్దగా ఉండాలి. ఇచ్చిన టైమ్ దాటకూడదు. పీడీఎఫ్ కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. అక్కడి ప్లగ్ మనలాంటిది కాదు, అడాప్టర్ కొనుక్కో. టూల్ ఎలా పనిచేస్తుందో చెబుతూ టైమంతా అయిపోనివ్వకు. నీ ప్రశ్న ఏమిటో, జవాబు నిజమని ఎలా తేలుస్తావో వాళ్ళకి ముందు అది కావాలి.

ఇక ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఒకటి చెబుతాను.

నేను ఇలాంటి సింపోజియంకే వెళ్ళాను, నీ వయసులోనే. ప్రోగ్రాములోని ఏ ఫైల్లో బగ్గులు, అంటే తప్పులు, రావచ్చో ముందే చెప్పే మోడల్ నా పని. కోడ్ అందరికీ తెరిచి ఉంచిన ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వెర్షన్లన్నిటి ఫైళ్ళూ పోగేసి, కలిపేసి, కొన్నిటితో నేర్పించి మిగతావాటితో పరీక్షించాను. బగ్గులున్న ఫైళ్ళు పదింటిలో తొమ్మిదింటిని నా మోడల్ పట్టేసేది. ఆ అంకె చూసుకుని ఎంత పొంగిపోయానో చెప్పలేను.

నా టాక్ అయ్యాక ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన చాలా నెమ్మదిగా అడిగారు: "నేర్పించడానికి వాడిన ఫైళ్ళన్నీ పరీక్షకు వాడినవాటికంటే పాతవేనా?" నేను ఒక్క క్షణం కూడా ఆగకుండా "అవునండీ" అన్నాను. నాకు తెలియదమ్మా. అసలు ఆ ఆలోచనే ఎప్పుడూ రాలేదు. తెలియదంటే ఇండియా నుంచి వచ్చిన పిల్లకి ఇంతే తెలుసు అనుకుంటారేమోనని భయం వేసింది. ఆయన తలూపి, పెన్ను జేబులో పెట్టుకున్నారు. ఆ పెన్ను జేబులోకి వెళ్ళడం నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. నాకు సాయం చేద్దామని తీసిన పెన్ను అది.

ఆ రాత్రి హోటల్లో ఆ పరీక్ష నడిపిన ప్రోగ్రామ్ స్క్రిప్ట్ తెరిచి చూస్తే, ఫైళ్ళని ఇష్టమొచ్చినట్టు కలిపే లైను ఒకటి కనిపించింది. వచ్చే ఏడాది ఫైళ్ళతో నేర్చుకుని, నిరుటి ఫైళ్ళకు జోస్యం చెబుతోంది నా మోడల్. తేదీల వరసలో పెట్టి మళ్ళీ నడిపితే తొమ్మిది కాస్తా ఐదయింది.

తప్పు అక్కడితో ఆగితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. తిరిగొచ్చాక మా గైడ్‌గారికి చెప్పలేదు. ఏడు నెలలు దాచాను. పాత అంకెలతోనే ఇంకో పేపర్ రాశాం, దానిమీద ఆయన పేరు కూడా ఉంది. పంపాల్సిన గడువు ముందు రోజు రాత్రి ఇక తట్టుకోలేక ఫోన్ చేసి ఏడ్చేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదికల్లా ల్యాబ్‌లో నా పక్క కుర్చీలో కూర్చుని, స్క్రిప్ట్ మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టారు. నా పీహెచ్‌డీ రెండేళ్ళు ఆలస్యమైంది. ఇంట్లో అందరికీ "గైడ్‌గారికి తీరిక లేదు" అని చెప్పాను. మీ తాతగారు పోయేదాకా ఆ మాటే నమ్మి, ఆ మంచి మనిషిని తిట్టుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు నీ సంగతి. లాంగ్వేజ్ మోడల్‌తో బగ్గులు సరిచేయిస్తున్నానని, డిఫెక్ట్స్‌ఫోర్‌జే అనే బగ్గుల సేకరణ మీద పరీక్షించానని దసరాకి వచ్చినప్పుడు చెప్పావు. అది 2014లో, ఐదు జావా ప్రాజెక్టుల నుంచి తీసిన 357 నిజమైన బగ్గులతో మొదలైంది. ఆ బగ్గులూ వాటి సవరణలూ ఏళ్ళ తరబడి నెట్‌లో అందరికీ కనబడేలా ఉన్నాయి. నీ మోడల్ వాటిని ముందే చదివేసి ఉంటే అది బగ్గు సరిచేస్తున్నట్టా, గుర్తు తెచ్చుకుంటున్నట్టా? నన్నడిగిన ప్రశ్నే ఇది, వేషం మార్చుకుని నీ దగ్గరికి వస్తోంది. టెస్టులు పాసైనంత మాత్రాన సవరణ సరైనదని అనుకోకు, దాని గురించీ అడుగుతారు. మోడల్ ఏ నెల వరకూ ఉన్న కోడ్ చదివిందో కనుక్కుని, ఆ తర్వాత వచ్చిన బగ్గులు కొన్నయినా విడిగా తీసుకుని చూడు. అంకె పడిపోతుంది. పడిపోయిన అంకెనే స్లైడ్ మీద పెట్టు.

టైమ్ చాలకపోతే "ఇంకా చూడలేదు, ఎలా చూస్తే బాగుంటుంది?" అని అడుగు. 2014లో ఐసీఎస్‌ఈ హైదరాబాద్‌కే వచ్చింది, తెలంగాణ ఏర్పడిన వారంలోనే. నేను వినడానికి వెళ్ళాను. ఒక కుర్రాడు సరిగ్గా ఈ మాటే అన్నాడు. లంచ్ టైమంతా ఇద్దరు పెద్దవాళ్ళు వాడి ప్లేటు పక్కనే నిలబడి కాగితం మీద బొమ్మలు గీసి చూపించారు. నేను దూరంగా నిలబడి చూస్తూ ఉండిపోయాను.

అక్కడ ఎవరేమన్నా ఆ రాత్రే మీ గైడ్ మేడమ్‌కి రాసి పంపు. మంచిదైనా, చెడ్డదైనా. ఆవిడకి చెప్పలేకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఇక్కడ అర్ధరాత్రయినా సరే.

ఈ ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా. నీ స్క్రిప్ట్ ఇద్దరం మొదటి లైను నుంచి చదువుదాం. నారాయణగూడకి కూడా నేను తోడొస్తాను. సూదంటే నీకు చిన్నప్పటి నుంచీ భయం.

నీ పిన్ని