ఆసుపత్రిలో చేరకుండానే పీటీఎస్‌డీకి వైద్యం

ప్రమాదం, దాడి, అఘాయిత్యం, కళ్లెదుటే చావు... ప్రాణం మీదికొచ్చిన సంఘటన అయిపోయాక కూడా మనిషిని వదలకుండా పట్టుకునే జబ్బు పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్). దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు. జవాబులు రాసినవారు ఒక సైకియాట్రిస్టు, ఒక క్లినికల్ సైకాలజిస్టు.

ప్రశ్న: మా వారు ఆర్టీసీ డ్రైవరు. నాలుగు నెలల క్రితం ఆయన బస్సుకి ఎదురుగా వచ్చిన బైకు గుద్దుకుని ఇద్దరు కుర్రాళ్లు అక్కడికక్కడే పోయారు. ఆయన తప్పు లేదని పోలీసులే తేల్చారు. అయినా రాత్రుళ్లు కేకలు పెట్టి లేస్తున్నారు. హారన్ వింటే ఉలిక్కిపడతారు. ఆ రోడ్డు వైపే వెళ్లరు. జడుసుకున్నాడని మా అత్తగారు అంత్రం కట్టించారు. ఆర్‌ఎంపీ గారు రాసిన అల్‌ప్రాజోలం మూడు నెలలుగా రోజూ వేసుకుంటున్నారు. ఈమధ్య తాగుడు కూడా మొదలైంది. విశాఖ మెంటల్ ఆసుపత్రిలో చేర్పించమంటున్నారు. చేర్పించాలా?
– పేరు వద్దన్న పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇప్పటికి అక్కర్లేదమ్మా. పీటీఎస్‌డీకి వైద్యం దాదాపు ఎప్పుడూ ఓపీలోనే జరుగుతుంది. వారానికోసారి వెళ్లి, గంటో గంటన్నరో కూర్చుని రావడం. మూడు నాలుగు నెలల పని. చచ్చిపోతానని అంటున్నా, అందుకు ఏర్పాట్లు చేసుకుంటున్నట్టు కనిపించినా, తిండీ నీళ్లూ మానేసినా, తాగుడు ఆపిన రెండు మూడు రోజుల్లో చేతులు వణికి, లేనివి కనిపిస్తున్నాయని చెప్పినా అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా చేర్పించాలి.

సంఘటన జరిగిన మొదటి నెలలో ఇలాంటి లక్షణాలు చాలామందికి వస్తాయి, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా వదలకపోతేనే పీటీఎస్‌డీ అని ఆలోచిస్తాం. దీని లక్షణాలు నాలుగు రకాలు. వాటిలో పీడకలలు, ఉలికిపాటు, ఆ రోడ్డుని తప్పించుకోవడం మీరు రాశారు. నాలుగోది రాయలేదు, గమనించి చూడండి: ‘నా వల్లే పోయారు’ అని తనని తాను తిట్టుకోవడం, పిల్లల మీద కూడా మమకారం మొద్దుబారినట్టు ఉండడం. ఇంట్లోవాళ్లు దీన్ని కోపమనో పొగరనో అనుకుని గొడవపడుతుంటారు.

ముందు ఆ మాత్ర సంగతి చూడాలి. అల్‌ప్రాజోలం, క్లోనాజెపామ్ లాంటి మత్తు మాత్రలు ఆ పూటకి దడ తగ్గిస్తాయి, పీటీఎస్‌డీని తగ్గించవు. ప్రమాదం అయిపోయింది, ఇప్పుడు భయం లేదని మెదడు నేర్చుకోవాల్సిన పనికి అడ్డుపడతాయి కూడా. అమెరికాలో మాజీ సైనికుల వైద్యానికి 2023లో వచ్చిన మార్గదర్శకాలు వీటిని వాడొద్దని గట్టిగానే చెప్పాయి. అలాగని ఈ రాత్రి నుంచే మానేయకండి. మూడు నెలలు రోజూ వేసుకున్న మాత్రని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా, వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి. అంతవరకు మాత్ర, మద్యం ఒకే రాత్రి కలవనివ్వకండి. ఊపిరి మందగించి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. తాగుడు పూర్తిగా మానేదాకా పీటీఎస్‌డీ వైద్యం మొదలుపెట్టకూడదనే మాట ఇంకా వినిపిస్తుంటుంది, దానికి ఆధారం లేదు. రెండింటికీ కలిపే చూడొచ్చు. రోజూ తాగే మనిషి మాత్రం ఇంట్లో తనంతట తాను ఒక్కసారిగా ఆపేయకూడదు.

గుంటూరు జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది. వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి, ఎన్ని మిల్లీగ్రాములో డాక్టరు చూడాలి. మొదటి రోజే ప్రమాదం మొత్తం చెప్పించరు, ‘బస్సు యాక్సిడెంటులో ఇద్దరు పోయారు’ అంటే చాలు. మత్తు మాత్ర వేసుకుని స్టీరింగు పట్టడం ఆయనకీ ప్రయాణికులకీ మంచిది కాదు కాబట్టి, కొన్నాళ్లు వేరే డ్యూటీ కోసం అక్కడే సర్టిఫికెట్ అడగండి. అంత్రం ఉంటే ఉండనివ్వండి, వైద్యానికి అది అడ్డు కాదు.

ప్రశ్న: ఏడాది క్రితం నైట్ షిఫ్టు నుంచి వస్తుంటే అవుటర్ రింగ్ రోడ్డు మీద మా క్యాబ్ బోల్తా పడి నా పక్కన కూర్చున్న కొలీగ్ చనిపోయింది. ఆరు నెలలుగా వారం వారం కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాను. ఆవిడ చాలా మంచివారు. ఆఫీసు ఒత్తిడి, అమ్మతో గొడవలు, అన్నీ మాట్లాడుకుంటాం. ప్రమాదం గురించి మాత్రం ‘ఇప్పుడే కెలకొద్దు’ అంటారు. నాకూ అదే హాయిగా ఉంది. కానీ ఇప్పటికీ క్యాబ్ ఎక్కలేకపోతున్నాను.
– కొండాపూర్, హైదరాబాద్

జవాబు: హాయిగా ఉండడమే ఇక్కడ చిక్కు. పీటీఎస్‌డీని నిలబెట్టేది తప్పించుకోవడం. మీరు క్యాబ్‌ని తప్పించుకుంటున్నారు, మీ కౌన్సెలర్ ఆ జ్ఞాపకాన్ని తప్పిస్తున్నారు. సానుభూతితో వినే కౌన్సెలింగ్ చెడ్డదేమీ కాదు, కానీ ఈ జబ్బుకి ముందు వరసలో నిలిచే చికిత్సలు ఆ సంఘటననే పట్టుకుని పనిచేస్తాయి. ట్రామా ఫోకస్డ్ థెరపీ అని పేరు పెట్టి అడగండి. వాటిలో మూడింటికి గట్టి ఆధారాలున్నాయి.

మొదటిది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి మామూలుగా 90 నిమిషాలు. మొదటి రెండు సెషన్లలో జబ్బు ఎలా నడుస్తుందో చెప్పి, మీరు తప్పించుకుంటున్న పనుల జాబితా రాయిస్తారు. ఒక్కో పనికి 0 నుంచి 100 దాకా భయం మార్కులు మీరే వేస్తారు. మీ విషయంలో అది ఇలా ఉండొచ్చు: క్యాబ్ ఫొటో చూడడం 20, ఆగి ఉన్న కారులో కూర్చోవడం 35, పగలు కాలనీలోనే ఒక చుట్టు 45, పగలు అవుటర్ ఎక్కడం 75, రాత్రి అదే ఎగ్జిట్ దగ్గర వెనక సీట్లో 95. నలభై మార్కుల చుట్టుపక్కల మొదలుపెట్టి పైకి వెళ్తారు. ఒక్కో పనిలో భయం సగానికి తగ్గేదాకా, లేదా ముప్పావు గంట దాకా ఉండాలి. రోజూ చేయాలి. నిజంగా ప్రమాదమున్న పనులు ఈ జాబితాలోకి రావు. సీటు బెల్టు లేకుండా కూర్చోమని ఎవరూ అనరు.

రెండో మూడో వారం తర్వాత అసలు పని మొదలవుతుంది. కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు ‘క్యాబ్ టోల్ దాటుతోంది, ఆమె ఫోన్ చూసుకుంటోంది’ అని ప్రమాదాన్ని బయటికి చెప్పాలి, అరగంట నుంచి ముప్పావు గంట దాకా మళ్లీ మళ్లీ. తర్వాత దాని గురించి మాట్లాడుకుంటారు. చెప్పిందంతా మీ ఫోన్‌లో రికార్డు చేసి, ఇంటి దగ్గర రోజుకోసారి వినమంటారు. పడుకోబోయే ముందు వినకండి, సాయంత్రం పెట్టుకోండి.

ఎక్కడ చెడుతుందంటే: అన్నిటికన్నా ఘోరమైన ఆ అర నిమిషాన్ని దాటేసి చెప్పడం, రికార్డింగు పెట్టుకుని వంట చేసుకోవడం, భయం శిఖరాన ఉన్నప్పుడే కారు దిగిపోవడం, సెషన్‌కి ముందు మత్తు మాత్ర వేసుకోవడం. చివరిసారి ఎక్కడ దిగిపోయారో భయం అక్కడే గట్టిపడి కూర్చుంటుంది. జ్ఞాపకం తెరిచిన మొదటి రెండు మూడు వారాల్లో కొంతమందికి పీడకలలు పెరుగుతాయి. సరిగ్గా అప్పుడే ‘నాకిది పడలేదు’ అని మానేస్తారు. ఆ వారాల్లో ప్రయాణాలు, ఫంక్షన్లు పెట్టుకోకండి.

రెండోది కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, 12 సెషన్లు, ఒక్కోటి గంట లోపు. ఇందులో సంఘటనని పూసగుచ్చినట్టు చెప్పడం తప్పనిసరి కాదు. ఆ ప్రమాదం ఎందుకు జరిగిందని మీరు నమ్ముతున్నారో ఒక పేజీ రాయమంటారు. ‘నేను ఆ సీటు అడగకపోతే ఆమె బతికేది’ లాంటి వాక్యం అందులో దొరుకుతుంది. ఆ వాక్యాన్ని పట్టుకుని, దానికి సాక్ష్యం ఏమిటి, ఆ క్షణాన మీకు తెలిసిందెంత అని వర్క్‌షీట్ల మీద తరచి చూస్తారు. తప్పంతా తన మీదే వేసుకుని కుమిలిపోయేవాళ్లకి ఇది బాగా నప్పుతుందని మా అభిప్రాయం. హోంవర్కు రాయకుండా వచ్చేవాళ్లకి నప్పదు.

మూడోది ఈఎండీఆర్. జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని థెరపిస్టు వేళ్ల కదలికని కళ్లతో అనుసరిస్తారు. పీటీఎస్‌డీ మీద బాగానే పనిచేస్తుంది. ఆ కంటి కదలికే పనిచేస్తోందా, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం పనిచేస్తోందా అన్నది నిపుణుల్లో తేలని వాదం. వారాంతపు వర్క్‌షాపు సర్టిఫికెట్‌తో ఈఎండీఆర్ బోర్డు పెట్టినవాళ్లూ ఉంటారు, ఎంత శిక్షణ ఉందో అడగండి.

థెరపిస్టుని ఎంచుకునేటప్పుడు మొహమాటం వద్దు. క్లినికల్ సైకాలజిస్టుగా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా? ఈ మూడింటిలో ఏది చేస్తారు? మొత్తం ఎన్ని సెషన్లు, ఎంత ఖర్చు? తగ్గుతోందని దేన్ని బట్టి చెబుతారు? ఆఖరిదానికి మంచి జవాబు పీసీఎల్-5. ఇరవై ప్రశ్నల కాగితం, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 80. ముప్పై ఒకటి నుంచి ముప్పై మూడు మధ్య వచ్చినా, అంతకు మించినా పీటీఎస్‌డీ ఉండొచ్చని అనుమానం. రెండు వారాలకోసారి నింపితే, పది మార్కులు తగ్గినా తెలుస్తుంది, తగ్గకపోయినా తెలుస్తుంది. ఇప్పుడు చూస్తున్న కౌన్సెలర్‌కి ఈ పద్ధతులు రాకపోతే, వచ్చినవాళ్ల దగ్గరికి పంపమని ఆవిడనే అడగండి. ఆవిడ నొచ్చుకోవాల్సిన విషయం కాదది.

ప్రశ్న: నేను లోకో పైలట్‌ని. నా ఇంజను కింద పడి ఒకాయన చనిపోయినప్పటి నుంచి ఆ ముఖం కలలోకి వస్తోంది. డాక్టరు సెర్ట్రాలిన్ 25 ఇచ్చారు. పది రోజులైంది. విరేచనాలు, వికారం. కలలు తగ్గలేదు. మానేయొచ్చా? జీవితాంతం వాడాలా?
– కాజీపేట

జవాబు: పది రోజులకి ఈ మందు గుణం తెలియదు, ఇబ్బందులు మాత్రం ముందే తెలుస్తాయి. కడుపు సంగతి రెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. పరగడుపున కాకుండా తిన్నాక వేసుకోండి. 25 మిల్లీగ్రాములు మొదలుపెట్టే మోతాదు మాత్రమే. సాధారణంగా వారం తర్వాత 50కి పెంచుతారు, పనిచేసే మోతాదు 50 నుంచి 200 మధ్య ఉంటుంది. 25 దగ్గరే మూడు నెలలు ఉండి ‘మందులూ పనిచేయలేదు’ అనుకునేవాళ్లు తక్కువేం కాదు. సరైన మోతాదుకి చేరాక నాలుగు నుంచి ఆరు వారాలకి తేడా కనిపించాలి, పూర్తి ఫలితానికి మూడు నెలలు చూడాలి. గుణం కనిపించాక ఏడాది పాటు వాడి, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. జీవితాంతం కాదు. చటుక్కున ఆపితే తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం ఉంటుంది. లైంగిక ఇబ్బందులు కూడా రావచ్చు. ఆ మాట చెప్పలేక చెప్పకుండా మందు మానేసే మగవాళ్లు ఎక్కువ. చెబితే మార్చడానికి దారులున్నాయి.

మొదటి రెండు వారాల్లో కాళ్లూ చేతులూ నిలవనంత ఆదుర్దా పెరిగినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. ఇది పడకపోతే పారోక్సెటిన్, వెన్‌లాఫాక్సిన్ ఉన్నాయి. రెండోది బీపీ పెంచగలదు, చూపించుకుంటూ ఉండాలి.

పీడకలలకి విడిగా ప్రాజోసిన్ ఇస్తారు. నిజానికి అది బీపీ మందు. 2018లో వచ్చిన పెద్ద అధ్యయనంలో అది మందు లేని ఉత్తి మాత్ర కన్నా మెరుగ్గా కనిపించలేదు, అయినా కొందరికి బాగా పనిచేస్తుంది కాబట్టి ఇంకా వాడుతున్నారు. పడుకునే ముందు 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. మొదటి మోతాదు రాత్రి బాత్రూమ్‌కి లేచి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవండి. నాలుగు రోజులు మానేసి మళ్లీ మొదలుపెడితే పాత మోతాదు కాదు, మళ్లీ ఒకటి నుంచే. ఈ మందులన్నీ మీ రైల్వే డాక్టరుకి తెలియాలి, ఇంజను ఎక్కొచ్చా లేదా అన్నది ఆయన చెప్పాలి. మందుతో పాటు పై జవాబులో చెప్పిన థెరపీ కూడా అడగండి. దొరికేచోట మందు కన్నా అదే ముందు.

ప్రశ్న: మా పార్వతీపురంలో ఇలాంటి సైకాలజిస్టు ఎవరూ లేరు. వారం వారం విశాఖ వెళ్లే స్తోమత లేదు. ఇంకో దారి ఉందా?
– ఒక అన్నయ్య

జవాబు: ఉంది. పైన చెప్పిన థెరపీలు వీడియో కాల్‌లో చేసినా ఎదురుగా కూర్చుని చేసినంత బాగానే పనిచేస్తాయి. కావాల్సింది తలుపు వేసుకునే గది, ఇయర్‌ఫోన్లు, ఆ గంట ఎవరూ లోపలికి రారన్న భరోసా. కాల్ మధ్యలో తెగితే ఏ నంబరుకి చేయాలో, అవసరమైతే ఇంట్లో ఎవరిని పిలవాలో ముందే థెరపిస్టుకి చెప్పి ఉంచండి. టెలీ మానస్ నంబరు 14416కి రోజంతా ఎప్పుడైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పీటీఎస్‌డీ థెరపీ మొత్తం వాళ్లే చేస్తారని ఆశ పెట్టుకోకండి. దగ్గర్లో ఏ డాక్టరు, ఏ ఓపీ, ఎప్పుడు అన్నది అడగడానికి అది మంచి తలుపు. జిల్లా ఆసుపత్రిలో మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద మందులు ఉచితంగా ఇస్తారు.

తక్కువ ప్రయాణాలతో అయ్యేది ఇంకొకటుంది, రిటెన్ ఎక్స్‌పోజర్ థెరపీ. మొత్తం ఐదు సెషన్లు. ప్రతిసారీ అరగంట పాటు ఆ సంఘటన గురించి చేత్తో కాగితం మీద రాయడం, రాసింది థెరపిస్టు చదివి తర్వాతిసారి ఏ భాగం మీద ఆగాలో చెప్పడం. హోంవర్కు ఉండదు. అక్షరదోషాలు ఎవరూ దిద్దరు. దీన్ని ఇంట్లో ఒంటరిగా ప్రయోగం చేయకండి. మధ్యలో ఆపేస్తే పట్టుకునే మనిషి ఉండాలి.

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో మంటలు వచ్చిన మూడో రోజు అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, ఏం చూశారో తలా ఒకరు చెప్పమన్నారు. నేను లేచి వచ్చేశాను. తప్పు చేశానా?
– పరవాడ

జవాబు: లేదు. అందరి చేతా బలవంతంగా ఒక్కసారి చెప్పించే ఆ పద్ధతి పీటీఎస్‌డీని ఆపదని, దాన్ని వాడొద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ రోజుల్లో కావాల్సింది నిద్ర, తిండి, ఇంటివాళ్లు, జీతం ఆగదన్న మాట. మాట్లాడాలనిపించినవాళ్లు మాట్లాడొచ్చు. నెల గడిచాక కూడా నిద్ర పట్టకపోతే, ఫ్యాక్టరీ గేటు చూస్తే ఒళ్లు చెమటలు పడుతుంటే అప్పుడు ఓపీకి వెళ్లండి.

ప్రశ్న: ఓపీ ఖర్చుకి ఇన్సూరెన్స్ వస్తుందా? ఆఫీసుకి తెలుస్తుందా?
– విజయవాడ

జవాబు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, శరీరపు జబ్బులకి ఏ తీరున బీమా ఇస్తారో మానసిక జబ్బులకీ అదే తీరున ఇవ్వాలి. అయితే చాలా పాలసీలు ఏ జబ్బుకీ ఓపీ ఖర్చు ఇవ్వవు, ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి. మీ పాలసీలో ఓపీ కవర్ అని విడిగా ఉందేమో చూడండి. ఉంటే ప్రతి సెషన్‌కీ రిజిస్ట్రేషన్ నంబరుతో రసీదు, సైకియాట్రిస్టు రాసిన చీటీ జాగ్రత్త చేయండి. అదే చట్టం 23వ సెక్షన్ మీ వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప డాక్టరు మీ ఆఫీసుకి చెప్పకూడదు. సెలవు సర్టిఫికెట్ మీద జబ్బు పేరు ఎంతవరకు రాయాలో ముందే ఆయనతో మాట్లాడుకోండి. కంపెనీ గ్రూప్ పాలసీ మీద క్లెయిమ్ పెట్టేటప్పుడు, కాగితాలు హెచ్‌ఆర్ చేతుల మీదుగా వెళ్తాయా, నేరుగా బీమా వాళ్లకి వెళ్తాయా అన్నది కనుక్కుని పెట్టండి.