ఇరాన్ సంతూర్‌ను ఫోను చూసి నేర్చుకోవచ్చా?

ఇరాన్ సంతూర్, కశ్మీర్ సంతూర్ ఒకటేనా, ఫోనులో పాఠాలు చూసి ఇంట్లోనే నేర్చుకోవచ్చా అని అడిగారు. మొదటిదానికి జవాబు చిన్నది: కావు. రెండూ చిన్న కర్రలతో తీగల మీద కొట్టి వాయించేవే, పోలిక అంతవరకే. శివకుమార్ శర్మగారు ఒళ్లో పెట్టుకుని వాయించిన కశ్మీర్ వాద్యానికి సుమారు 100 తీగలు. ఇరాన్‌వాళ్లది బల్ల మీద పెడతారు, 72 తీగలు. తీగల కింద ఆనించే కొయ్యముక్కను ‘ఖరక్’ అంటారు, అంటే చిన్న గాడిద. మన వీణ మీద గుర్రం ఉంటే వాళ్ల సంతూర్ మీద రెండు వరుసల్లో 18 గాడిదలు, ఒక్కొక్కటీ నాలుగేసి తీగలు మోస్తూ!

రెండోదానికి: కుదరదు. ఫోనును నమ్మి ఒకసారి తల దించుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

టొరంటోలో ఉద్యోగం చేసే రోజుల్లో, యంగ్ వీధి ఉత్తర భాగాన ఇరానీ దుకాణాలు బారులు తీరిన చోట, సంతూర్ నేర్చుకోవడానికి ఒక పెద్దాయన దగ్గర చేరాను. చిన్నప్పుడు ఆరేళ్లు వయొలిన్ నేర్చుకున్నానన్న ధీమా ఒకటి. జనవరిలో ఒక శనివారం ఆయన వాద్యాన్ని ‘షూర్’కు, అంటే మన రాగంలాంటి ఒక ఇరానీ స్వరపద్ధతికి, శ్రుతి చేసి, టీ తేవడానికి లోపలికి వెళ్లారు. నేను ఊరికే కూర్చోలేక శ్రుతి చూపే యాప్ తెరిచాను. రెండు వరుసల్లోనూ నాలుగో ఖరక్ దగ్గర ముల్లు ఏ గీత మీదా నిలవడం లేదు. హీటరు వేడికి చెక్క ఎండి తీగలు జారాయనుకున్నాను. తీగలు బిగించే తాళంచెవి అందుకుని పసుపు తీగలు నాలుగు, తెల్ల తీగలు నాలుగు బిగించాను. ఎనిమిదోది టప్పున తెగి బొటనవేలి మీద గీత పెట్టింది.

ఆయన టీ గ్లాసులతో వచ్చి, మెజ్రాబ్‌తో, అంటే వాయించే కర్రతో, రెండు దెబ్బలు వేసి, “పియానో చేశావే” అన్నారు. అంతే, తిట్టలేదు. చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని, మిగిలిన ఏడు తీగలనూ చెవితోనే వెంట్రుకవాసి చొప్పున దించుకుంటూ వచ్చారు. టీ చల్లారిపోయింది. నేను పియానో మెట్టుకు ఎక్కించేసిన ఆ స్వరాన్ని ‘కొరోన్’ అంటారు. ఆ శ్రుతిలో అది మన శుద్ధ రిషభానికీ చతుశ్రుతి రిషభానికీ నడుమ ఉంటుంది. అది జారిపోయిన స్వరం కాదు, దాని చోటే అది. మరుసటి వారం నుంచి గుమ్మం దగ్గర బూట్లతోపాటు ఫోను కూడా వదిలి రమ్మన్నారు.

మన ఇళ్లలో ఐదేళ్ల పిల్లలకు కీబోర్డు కొనిచ్చి సంగీతం వచ్చేస్తుందనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పన్నెండు మెట్లు తప్ప లోకంలో స్వరమే లేదనుకుంటూ పెరుగుతారు పాపం. ఇంకో గోల, ఈ వీడియోలవాళ్లది: సంతూర్ అనగానే ఒక జలపాతం బొమ్మ, కింద ‘గాఢ నిద్రకు’ అని. ఇరాన్ సంతూర్ విద్వాంసుడు ఫరామర్జ్ పాయ్‌వర్ వాయించిన చహార్‌మెజ్రాబ్, అంటే వడివడిగా సాగే వాద్యరచన, ఒక్కటి వినమనండి, వచ్చే నిద్ర కూడా పారిపోతుంది.

మీ ఊళ్లో గురువు దొరక్కపోతే వీడియో కాల్‌లో చెప్పేవారినైనా పట్టుకోండి. మొదటి నెల పాటలు అడగకండి, శ్రుతి చేయడం అడగండి. నాకు ఇప్పటికీ దానికే అరగంట పడుతుంది. తాళంచెవులు మాత్రం రెండు కొనుక్కోండి, ఒకటి ఎలాగూ సోఫా కిందికి పోతుంది.