గుర్రపు థెరపీ సెంటర్‌లో ఇండోర్ అరీనా: కప్పు వేయండి, గోడలు కట్టకండి

మంగళగిరి దగ్గర మీ గుర్రపు థెరపీ సెంటర్‌కు ఇండోర్ అరీనా, అంటే కప్పు కింద గుర్రాన్ని నడిపించే మైదానం, కట్టాలనుకుంటున్నారు. అంత ఖర్చు అవసరమా, డబ్బు ముందు దేనికి పెట్టాలి అని అడిగారు. నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని. గుంటూరు వైపు ఇలాంటి సెంటర్‌లో ఆరుబయట మైదానం ఉన్నప్పుడూ పనిచేశాను, షెడ్డు పడ్డాకా చేస్తున్నాను. తప్పకుండా కట్టండి. కానీ చలిదేశాల అరీనాల ఫొటోలు చూసి నాలుగు వైపులా మూసేయకండి.

గుర్రం నడుస్తుంటే దాని వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందకీ కదులుతుంది. మనం నడిచేటప్పుడు నడుముకు వచ్చే కదలికకు అది చాలా దగ్గర. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపు తప్పే సమస్య) ఉన్న పిల్లలకు ఆ సాధన వారం వారం అందాలి. మే నెలలో మన ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది, పొద్దున ఎనిమిది దాటితే గుర్రాన్ని బయటికి తీయలేం. పిల్లలకు తీరిక దొరికేది ఆ సెలవుల్లోనే. ఆ తర్వాత వానలు, నల్లరేగడి బురద. మార్చిలో పట్టుకోకుండా కూర్చున్న ఒక పాప, వేసవి గ్యాప్ తర్వాత మళ్లీ జీను వదల్లేదు. వాళ్లమ్మ ముఖం చూడలేకపోయాను. షెడ్డు వచ్చాక ఆ గ్యాపులు బాగా తగ్గాయి.

డబ్బు ముందు కప్పుకే పెట్టండి. ఉత్త రేకు వేస్తే కింద ఉడికిపోతారు. అంతకంటే పెద్ద సమస్య చప్పుడు. జోరువాన రేకు మీద పడితే గుర్రం బెదురుతుంది, ఆటిజం ఉన్న పిల్లలు చెవులు మూసుకుని ఏడుస్తారు, పక్కన నడిచేవాళ్లకు మన మాట వినపడదు. రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పఫ్ ప్యానెల్ ఖరీదైనదే, అయినా దాని దగ్గర బేరం ఆడకండి. అంచు దగ్గర 16 అడుగుల ఎత్తైనా ఉంచండి.

పక్కలు తెరిచే ఉండాలి. ఉక్కపోతలో గుర్రం చెమట ఆరదు. కొన్ని గుర్రాలకైతే చెమట పట్టడమే ఆగిపోతుంది, అది ప్రాణం మీదకు వస్తుంది. గాలి ఆడకపోతే ధుమ్ము, మూత్రం ఘాటు లోపలే నిలుస్తాయి. చుట్టూ నాలుగడుగుల ఎత్తు నున్నటి చెక్క అడ్డం చాలు. పడమటి ఎండకు గ్రీన్ నెట్ కడితే బిగించి కట్టండి, టపటపలాడితే గుర్రాలు ఉలిక్కిపడతాయి. తెరిచిన షెడ్డును తుఫాను గాలి కింది నుంచి పైకి లేపుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, అందుకే స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క లేకుండా షెడ్డు బిగించే ఫ్యాబ్రికేటర్ మాట మీద వదిలేయకండి.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పైమట్టి తీసి, గ్రావెల్ పోసి, రోలర్‌తో బాగా తొక్కించి, పైన రెండు మూడు అంగుళాల ఇసుక వేయాలి. ఇసుక మందం ఎక్కువైతే గుర్రం కాలి టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) దెబ్బతింటాయి. కృష్ణా ఇసుక గింజ గుండ్రం, అదొక్కటే వేస్తే గిట్ట కింద జారుతుంది. ధుమ్ము లేవకుండా రోజూ నీళ్లు చల్లాలి.

సైజు 20 మీటర్లకు 40 మీటర్లు సరిపోతుంది, అంటే దాదాపు 20 సెంట్లు. ఇంకా పెద్దది అనవసరం అని నా అభిప్రాయం. ఒక్కో పిల్లవాడికి గుర్రాన్ని నడిపించే మనిషి, అటూ ఇటూ పట్టుకునే ఇద్దరు కావాలి. ముగ్గురు పిల్లలంటే తొమ్మిది మంది. మిగిలిన డబ్బు వాళ్ల జీతాలకూ శిక్షణకూ ఉంచండి.

వీల్‌చైర్ ర్యాంపు కూడా అదే కప్పు కింద రావాలి. పిల్లలు గుర్రం ఎక్కే అరుగు రెండున్నర అడుగుల ఎత్తుంటే, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు లెక్కన ర్యాంపే 30 అడుగులు పోతుంది. ప్లాను గీసే రోజే దానికి చోటు తీయించండి.