ఒక రాత్రి సైకిలు ప్రయాణానికి సామాను సర్దేముందు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

సైకిలు మీద వెళ్లి, ఒక రాత్రి బయట గుడారం వేసుకుని పడుకుని, మర్నాడు తిరిగొస్తానని రాశావు. చాలా సంతోషం. నువ్వు పంపిన సామాన్ల జాబితా చూశాను. అందులో సగం కొత్తగా కొనాల్సినవే కనిపిస్తున్నాయి. కాస్త ఆగు తల్లీ. తేలికవి కొనడం ఆఖర్న చూసుకోవచ్చు. ముందు ఏవేవి ఇంట్లోనే వదిలేసి వెళ్లగలవో తేల్చుకో. వంటింటి త్రాసు తెచ్చి ఒక్కో వస్తువూ తూచు, పేరు పక్కన గ్రాములు రాయి. రెండో జత ప్యాంటు, లావుపాటి తువ్వాలు, నిండు షాంపూ సీసా ఎంతెంత ఉన్నాయో అంకెల్లో చూస్తే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది.

బరువు నిజంగా ఎంత బాధిస్తుందో లెక్క కట్టి చూద్దాం. అదనంగా 5 కిలోలు పెట్టుకుని 500 మీటర్ల ఎత్తు ఎక్కావనుకో. దానికి అయ్యే శ్రమ దాదాపు 24,500 జౌళ్లు. 100 వాట్ల చొప్పున తొక్కేవాళ్లకు అది నాలుగు నిమిషాల పని. అదే 200 గ్రాములైతే పది సెకన్లు! అందుకే 200 గ్రాములు తగ్గుతుందని ఖరీదైన టైటానియం గిన్నె కొనకు. అదనపు బరువుతో అసలు తిప్పలు వేరే చోట ఉన్నాయి. దిగుడులో బ్రేకు వేస్తే బండి త్వరగా ఆగదు, మలుపులో వెనక భాగం ఊగుతుంది, దారిలో గేటు అడ్డొస్తే సామానుతో సహా ఎత్తి దాటించలేవు. చదును దారిలో బరువుకంటే వెడల్పు ఎక్కువ పీడిస్తుంది. రెండు పక్కలా ఉబ్బిన సంచులకు ఎదురుగాలి బాగా తగులుతుంది.

నిద్ర దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. చాలామంది స్లీపింగ్ బ్యాగ్ మీద శ్రద్ధ పెట్టి, కింద పరిచే మ్యాట్‌ను చిన్నచూపు చూస్తారు. నువ్వు పడుకోగానే నీ బరువుకి బ్యాగ్ అడుగుభాగం అణిగిపోతుంది. అణిగినచోట గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం నిలవదు. నేల ఒంట్లో వేడిని లాగేసుకోకుండా ఆపేది మ్యాటే. దాని మీద ఆర్-విలువ అని, నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే ఒక అంకె ఉంటుంది. వెచ్చటి రాత్రులకు 2 దాకా ఉన్నా సరిపోతుంది, నీళ్లు గడ్డకట్టేంత చలికి 4 పైన ఉండాలి. మడతపెట్టే ఫోమ్ మ్యాట్ 400 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, పంక్చరయ్యే భయం లేదు, కానీ చోటు తినేస్తుంది. గాలి నింపేది పిడికెడంత అవుతుంది కానీ ముల్లు దిగితే ఆ రాత్రి జాగారమే. అది తీసుకుంటే ప్యాచ్ ముక్కలు కూడా పెట్టుకో.

బ్యాగ్ మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు అచ్చేస్తారు. 'కంఫర్ట్' అన్నదాన్నే నమ్ము. 'లిమిట్' అన్నది ముడుచుకుని ఎలాగోలా నెట్టుకొచ్చే చలి. లోపల ఈకలు నింపిన బ్యాగ్ తేలిక, చిన్నగా మడుస్తుంది, తడిస్తే మాత్రం చప్పబడిపోతుంది. వాన పడే కాలంలో కాస్త బరువైనా సింథటిక్‌దే మేలు.

పైకప్పు సంగతి. వాతావరణం నమ్మకంగా ఉండి దోమలు లేకపోతే, సైకిలునే గుంజగా నిలబెట్టి టార్ప్, అంటే నీళ్లు దిగని పట్టా, కట్టుకోవచ్చు. లేదంటే ఒక్కరికి సరిపోయే టెంట్ తీసుకో, కిలో, కిలోన్నరలో దొరుకుతాయి. కొనేముందు దాని కర్రలు మడిస్తే ఎంత పొడుగున్నాయో కొలువు. టెంట్‌ను హ్యాండిల్‌బార్‌కే కట్టుకుంటావు కాబట్టి, దాని కొమ్ముల మధ్య పట్టకపోతే ఎంత తేలికైనా లాభం లేదు.

తిండి విషయంలో చాలా బరువు తగ్గించుకోవచ్చు. గ్రాము కొవ్వులో 9 కేలరీలు, గ్రాము పిండిపదార్థంలో 4. పల్లీలు, బాదం 100 గ్రాములు తింటే 550 పైనే కేలరీలు. అంతే బరువున్న యాపిల్‌లో దాదాపు 50, మిగతాది ఎక్కువగా నీళ్లే. అలాగని దారి పొడవునా పల్లీలే నమలకు. కొవ్వు నెమ్మదిగా అరుగుతుంది, ఎక్కుడులో కడుపు బరువుగా ఉంటుంది. తొక్కుతున్నంతసేపు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా ఖర్జూరాలో, బిస్కట్లో, ఎండు పళ్లో చేతికందే సంచిలో పెట్టుకో. ఆకలి వేయకముందే తిను. గింజలూ, వెన్నలాంటివీ రాత్రికి ఉంచుకో, నిద్రలో ఒళ్లు వెచ్చగా ఉంటుంది.

ఒక్క రాత్రికి పొయ్యి అక్కర్లేదని నా అభిప్రాయం. పొయ్యి, గ్యాస్ డబ్బా, గిన్నె కలిపి అరకిలో దాకా తూగుతాయి. ఓట్స్‌ను మూత గట్టిగా పట్టే డబ్బాలో నీళ్లు పోసి వదిలేస్తే పొద్దుటికి నానిపోతాయి. పొద్దున్నే వేడి కాఫీ లేకపోతే అడుగు పడదంటావా, అప్పుడు పొయ్యి తెచ్చుకో, దానికి సిగ్గుపడనక్కర్లేదు. ప్యాకెట్ల అట్టపెట్టెలన్నీ ఇంట్లోనే తీసేసి, తిండి పూటకొక చిన్న కవరులో కట్టుకో. నీళ్లు లీటరుకు కిలో. అందుకే దారిలో ఎక్కడ నింపుకోగలవో ముందే చూసుకో, నమ్మకం లేని చోట మాత్రం బరువు గురించి ఆలోచించకుండా మోసుకెళ్లు.

బట్టలు: తొక్కడానికి ఒక జత, పడుకోవడానికి పొడిగా ఒక జత, ఒక వాన చొక్కా. నూలు బట్ట చెమటకి తడిస్తే త్వరగా ఆరదు, చల్లబడుతుంది. ఉన్నిదో పాలిస్టర్‌దో వేసుకో.

పనిముట్లు, మందులు, లైట్లు తగ్గించకు. ట్యూబు, ప్యాచ్‌లు, టైరు ఊడదీసే లీవర్లు, పంపు, చైను కూడా విప్పగలిగే మల్టీటూల్ (పనిముట్లన్నీ ఒకే పిడిలో మడిచేది), చైను కలిపే లింకు, నాలుగు ప్లాస్టిక్ టైలు. ఇవి లేకపోతే మిగతా తేలికంతా వృథా.

సర్దేటప్పుడు బరువైనవి, అంటే నీళ్లు, పనిముట్లు, తిండి, ఫ్రేమ్ మధ్యలో కిందికి పెట్టు. స్లీపింగ్ బ్యాగ్, బట్టలు సీటు వెనక సంచిలోకి. ఆ సంచిలో మొదట మెత్తటిది అడుగుకి దట్టించి, గాలి నొక్కి, పట్టీలు బిగించు. తర్వాత సీటు పట్టుకుని సైకిలు ఊపు. సంచి ఊగితే విప్పి మళ్లీ సర్దాల్సిందే. వెనక చక్రానికీ సంచికీ మధ్య మూడు వేళ్ల సందు ఉందో లేదో, నువ్వు ఎక్కి కూర్చున్నాక ఇంకెవరినైనా చూడమను. పట్టీలు ఫ్రేమ్‌కి రాసుకునే చోట టేపు అంటించు, లేకపోతే రంగు లేచిపోతుంది.

బయల్దేరేముందు వారంలో ఒకరోజు సామానంతా సర్దుకుని ఒక గంట తొక్కి రా. ఆ రాత్రి ఆరుబయట అదే మ్యాట్ మీద పడుకుని చూడు. తూచిన జాబితా మళ్లీ పంపు, కూర్చుని చూస్తాను.

మీ మామయ్య