స్టెంటు వేయించుకున్నాక యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వాడొచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మాది పర్లాకిమిడి. ఎనిమిది నెలల కిందట గుండెపోటు వస్తే బరంపురంలో స్టెంటు వేశారు. కొలెస్ట్రాల్ మాత్రతో ఒళ్లు నొప్పులు, రక్తం పల్చబడే మాత్రలతో కడుపులో మంట వస్తుంటే రెండు నెలల కిందట మొదటిది మానేశాను, పల్చబడే రెండింట్లో ఒకటి ఆపేశాను. మా బావమరిది తెచ్చిన యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్స్ (విటమిన్ ఇ, బీటా కెరోటిన్) వాడుతున్నాను. చుట్ట బాగా తగ్గించాను. మేడ మెట్లెక్కితే కొద్దిగా ఆయాసం. ఈ క్యాప్సూల్స్ గుండె కండరాన్ని కాపాడతాయా? వీటికంటే మంచివి ఉన్నాయా?

జవాబు: క్యాప్సూల్స్ గురించి తర్వాత మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆపేసిన ఆ రెండు మాత్రలూ, మీరు ‘కొద్దిగా’ అని రాసిన ఆయాసమూ. గుండెపోటుకు స్టెంటు వేశాక రక్తం పల్చబడే మాత్రలు రెండూ కలిపి సాధారణంగా ఏడాదిపాటు వాడమంటారు. రక్తస్రావం భయం ఉన్నవాళ్లకు ముందే తగ్గిస్తారు, కానీ ఆ నిర్ణయం స్టెంటు వేసిన డాక్టరుది. మధ్యలో ఆపితే స్టెంటు లోపల రక్తం గడ్డకట్టి మళ్లీ పెద్ద గుండెపోటు రావచ్చు. ఇది చదివిన రోజే ఆయనకు ఫోన్ చేయండి. ఆయాసం గుండె బలహీనపడటం వల్ల కావచ్చు, మరో రక్తనాళం పూడుకుపోవడం వల్ల కావచ్చు, రక్తహీనత కావచ్చు. పల్చబడే మాత్రల్లో ఒక రకం తనంతట తానే ఆయాసం తెస్తుంది కూడా. మిమ్మల్ని చూడకుండా, ఈసీజీ, టూడీ ఎకో లేకుండా ఫలానా అని నేను చెప్పలేను. మలం తారులా నల్లగా వస్తుంటే అదీ చెప్పండి. ఛాతీ బరువెక్కినా, చెమటలు పట్టినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

కడుపు మంటకు మందులున్నాయి. ఒళ్లు నొప్పులకు కొలెస్ట్రాల్ మాత్ర డోసు తగ్గించొచ్చు, మరో రకానికి మార్చొచ్చు. రెండు నెలలు ఎవరికీ చెప్పకుండా ఎందుకున్నారండీ? ఒక్క ఫోన్‌తో సర్దుబాటయ్యే ఇబ్బంది ఇది. నొప్పులకని మందుల షాపులో పెయిన్‌కిల్లర్లు మాత్రం కొనకండి. గుండెకూ కిడ్నీలకూ రెండింటికీ చేటు, పైగా మీ పక్కనే ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎలా ఉందో మీకు తెలియనిది కాదు.

ఇక మీరడిగింది. మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకుని రక్తం ఒక్కసారిగా లోపలికి రాగానే, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా నుంచి ఫ్రీ రాడికల్స్ (కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు, యాంటీ ఆక్సిడెంట్లు అడ్డుకునేది వీటినే) భారీగా పుడతాయి. అప్పటిదాకా బతికున్న కండరం కూడా కొంత వాటివల్ల దెబ్బతింటుంది. ఈ నష్టం నిజమే. కానీ అది ఎక్కువగా ఆ మొదటి నిమిషాల్లో, గంటల్లో జరిగిపోతుంది. ఎనిమిది నెలల తర్వాత క్యాప్సూల్ మింగితే పోయిన కండరం వెనక్కి రాదు. రోజువారీ రక్షణకు కణంలోనే సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ లాంటి ఎంజైములు పనిచేస్తుంటాయి. మాత్రతో వచ్చిన విటమిన్ వాటికి ప్రత్యామ్నాయం కాదు.

బ్రిటన్‌లో 20,536 మంది మీద ఐదేళ్లు చేసి 2002లో ప్రచురించిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ కలిపి ఇచ్చారు. రక్తంలో విటమిన్లు పెరిగాయి, గుండెపోట్లు తగ్గలేదు. అదే అధ్యయనంలో సిమ్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర ఇచ్చినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అంటే పనిచేసిన జాతి మందును మానేసి, పనిచేయనిదాన్ని పట్టుకున్నారు మీరు. విటమిన్ ఇ ఎక్కువ మోతాదులో, రక్తం పల్చబడే మాత్రలతో కలిస్తే రక్తస్రావం ముప్పును కూడా పెంచొచ్చు.

ఇంకో మాట గట్టిగానే చెబుతాను. ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లోనే తేలింది. చుట్ట తాగుతూ ఆ క్యాప్సూల్ వేసుకోకండి, ఇవాళే ఆపేయండి. ఇది ఆపడానికి ఎవరినీ అడగనక్కర్లేదు.

ఆహారంలో దొరికే యాంటీ ఆక్సిడెంట్లకు అభ్యంతరం లేదు. జామ, పచ్చి ఉసిరి, మునగాకు, తోటకూర, గుప్పెడు పల్లీలు హాయిగా తినండి. ఉసిరి మంచిదని ఊరగాయ పెట్టుకుంటే ఉప్పే ఎక్కువవుతుంది. షుగరు, కిడ్నీ సమస్య ఉంటే పళ్లూ ఆకుకూరలూ ఎంత తినాలో మీ డాక్టరునడగండి.

చుట్ట తగ్గించడం చాలదు, పూర్తిగా మానాలి. ప్రతి దమ్ముతో ఫ్రీ రాడికల్స్‌ను మీరే లోపలికి పీల్చుకుంటున్నారు. మీ వైపు చుట్ట మానేసి గుడాకుతో పళ్లు తోమడం మొదలుపెట్టేవాళ్లున్నారు, అదీ పొగాకే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మానేసిన మాత్రల స్ట్రిప్పులూ, బావమరిది తెచ్చిన డబ్బా కూడా పట్టుకెళ్లండి. రోజుకెన్ని చుట్టలో దాచకుండా చెప్పండి.